ముందుకి జరగండి, కొత్తవాళ్ళు ఎక్కుతున్నారు

నేను ఆర్టీసీలో 27 ఏళ్ళు కండక్టరుగా చేసి 2019లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం గుంటూరు-విజయవాడ ఆర్డినరీ సర్వీసులోనే గడిచింది. పెదకాకాని, యూనివర్సిటీ, కాజ, మంగళగిరి, తాడేపల్లి, వారధి... నిద్రలో లేపినా స్టేజీలు వరసగా చెబుతాను. వారమంతా బస్సు డోరు దగ్గర, ఆదివారం మా లూథరన్ గుడి గుమ్మం దగ్గర నిలబడటం నాకు అలవాటు. ఉద్యోగం అయిపోయింది గానీ, కొత్తగా వచ్చేవాళ్ళని పలకరించి కూర్చోబెట్టే గుమ్మం పని ఇంకా నాదే. ఈమధ్య మా సంఘ పెద్దలు యూత్‌లో ఇద్దరు పిల్లల్ని నాకు అప్పజెప్పి, "అన్నా, వీళ్ళకి కాస్త నేర్పు" అన్నారు. నోటితో చెబితే ఒక చెవితో విని, రెండో చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నారు. అందుకే రాసిస్తున్నాను. మీది లూథరన్ సంఘమైనా, సీఎస్ఐ అయినా, బాప్టిస్టు అయినా, అపార్ట్‌మెంటు సెల్లార్లో నడిచే చిన్న మందిరమైనా ఇందులో పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుంది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్ళ విషయంలో మనకి మొదటి ఆదివారం హడావిడి ఎక్కువ, మూడో ఆదివారానికి మతిమరుపు ఎక్కువ. మొదటిరోజు లేపి నిలబెడతాం, చప్పట్లు కొడతాం, ఫోను నంబరు రాసుకుంటాం. మూడో వారం అదే మనిషి ఎదురుపడితే "కొత్తగా వచ్చారా అండీ?" అని అడుగుతాం. నేను చెప్పేదంతా దీన్ని తిరగేయడం గురించే. మొదటి వారం తక్కువ చేయండి. మూడో వారం, ఆరో వారం ఎక్కువ చేయండి.

గుమ్మం దగ్గర

మా దగ్గర తొమ్మిదిన్నరకి గంట కొడతారు. నేను తొమ్మిదికల్లా ఉంటాను. కొత్తవాళ్ళు కొందరు గంటకంటే ముందే వస్తారు, కొందరు రెండో కీర్తన పాడుతుండగా మెల్లగా దూరతారు. ఈ ఇద్దరితోనూ ఇబ్బంది లేదు. గేటు బయట బండి స్టాండ్ వేసి, ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ, లోపలికి రావాలా వెళ్ళిపోవాలా అని తేల్చుకోలేక ఆగిపోయే మనిషి ఉంటాడు. అతని కోసమే మీరక్కడ ఉన్నది. నాలుగడుగులు మీరే ముందుకి వేయాలి.

ఒక్కరే వెళ్ళండి. అయిదుగురు వరసగా నిలబడి చేతులు జోడిస్తే పెళ్ళికి వచ్చినట్టుంటుంది. "ప్రైజ్ ది లార్డ్" అని గట్టిగా అనకండి, బదులు ఏమనాలో తెలియని మనిషికి అది పరీక్షలా ఉంటుంది. నేను "వందనాలండీ" అంటాను. ఎదుటివాళ్ళు "నమస్కారం" అంటే నేనూ "నమస్కారం" అంటాను. ఆ వెంటనే వాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను: "చెప్పులు ఈ మూల విడవండి, ఇక్కడైతే ఎవరూ తొక్కరు." లేదా "పాపని ఎత్తుకున్నారు కదా, ఈ చివర బెంచీ అయితే బయటికి వెళ్ళి రావడానికి వీలుగా ఉంటుంది." కొత్త చోట మనిషికి ముందు కావలసింది చెప్పులెక్కడ, బాత్రూమెక్కడ, ఎంతసేపు పడుతుంది అనే మూడు సంగతులు. ఆరాధన ఎన్నింటికి అయిపోతుందో చెప్పండి. పన్నెండింటికి అవుతుందని తెలిస్తే పదకొండున్నరకి వాచీ చూసుకునే బాధ ఉండదు.

తర్వాత నా పేరు చెప్పి, వాళ్ళ పేరు అడుగుతాను. అక్కడితో ఆపేస్తాను. ఎందుకు ఆపేస్తానో చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా ఉన్నాడు, చొక్కా బాగా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. నేను ఎంతో ప్రేమగానే "ఏ ఊరు బాబూ?" అన్నాను. చిలకలూరిపేట దగ్గర అన్నాడు. "దగ్గరంటే?" ఊరి పేరు చెప్పాడు. ఆ ఊళ్ళో మాకు చుట్టాలున్నారు, అంచేత "అక్కడ ఏ పేట? ఇంటిపేరేంటి?" అన్నాను. అవి కూడా చెప్పి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాత ఒకరోజు కాజలో నా బస్సే ఎక్కాడు. మంగళగిరికి టికెట్టు కొట్టిచ్చి, "మళ్ళీ రాలేదేం బాబూ?" అన్నాను. చిల్లర లెక్కపెట్టుకుంటూనే, తల ఎత్తకుండా చెప్పాడు. "మా ఊరడిగారు, పేటడిగారు, ఇంటిపేరడిగారు అంకుల్. నా పేరే అడగలేదు."

మంగళగిరిలో దిగిపోయాడు. నా చేతిలో టికెట్లు కొట్టే టిమ్స్ మెషిన్ ఉంది, వెనకాల నలుగురు టికెట్టు అంటున్నారు, నేను మాత్రం రైట్ చెప్పడం మర్చిపోయాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

ఊరు, పేట, ఇంటిపేరు. ఈ మూడూ వరసగా అడిగితే అడిగింది కులమే అని మన జిల్లాలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. నేను కావాలని అడిగానా, అలవాటుగా అడిగానా అంటే ఇప్పటికీ చెప్పలేను. క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని తేడా లేదని చదివే నోటితోనే పెళ్ళి సంబంధం దగ్గర ఇంకోటి మాట్లాడతాం, అది మనలో దాచుకుంటే దాగేది కాదు. కనీసం గుమ్మం దగ్గర అడక్కండి. ఆ మనిషి తనంతట తాను చెప్పుకుంటే వినండి.

చెప్పకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే ఉండేది. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలని బీసీ-సిలో లెక్కిస్తారు. ఈ నిబంధన మంచిదా చెడ్డదా అనే వాదన వేరే. గుమ్మం దగ్గర మనకి తెలియాల్సింది ఒకటే: కొత్తగా వచ్చిన మనిషికి మన గుడిలో కనబడటమే టెన్షన్ కావచ్చు. ఇంట్లో గొడవ కావచ్చు, ఆఫీసులో మాట రావచ్చు. అందుకే లైవ్ పెట్టే పిల్లలకి నేను మరీమరీ చెబుతాను, కెమెరా పాస్టరు గారు ప్రసంగించే పుల్పిట్ మీదే ఉండాలి, జనం మీదికి తిప్పకూడదు. కొత్తవాళ్ళతో ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో "నూతన ఆత్మలు" అని పెట్టడం అసలే వద్దు. అది వాళ్ళ ఫొటో, వాళ్ళని అడిగి ఊరుకుంటే సరిపోదు. మొహమాటానికి సరే అంటారు. మీరే తీయకండి.

సీట్లు

ఇక్కడ నాలోని కండక్టరు బయటికొస్తాడు. మన సంఘాల్లో ఒక వింత ఉంది: అందరికంటే ముందొచ్చిన పాతకాపులు వెనక బెంచీల్లో, ఫ్యాను కింద, గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఆలస్యంగా వచ్చిన కొత్తమనిషి అందరి చూపులూ దాటుకుంటూ మొదటి వరస దాకా నడవాలి. బస్సులో అయితే ఏం చేస్తాం? "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరుస్తాం. గుడిలో అరవలేం కాబట్టి, వెనక రెండు వరసలకీ నేను ఒక తాడు కడతాను. గంట కొట్టేదాకా విప్పను. మొదటి నెల నన్ను తిట్టుకున్నారు. ఒక పెద్దాయన "నలభై ఏళ్ళుగా ఈ బెంచీ మాది" అన్నాడు. "మీదే అన్నా, పది నిమిషాలు అప్పివ్వండి" అన్నాను. ఇప్పుడు ఆయనే ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూస్తాడు, తాడు కట్టానా లేదా అని.

భార్యాభర్తలు వస్తే, ఆడవాళ్ళ వైపు మగవాళ్ళ వైపు అని విడదీయకండి. మన పద్ధతి మనది, నాలుగు వారాలకి వాళ్ళకే అలవాటవుతుంది. చాప మీద కూర్చునే సంఘమైతే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ ముందే వేసి ఉంచండి. అడిగాక తెచ్చిస్తే వందమంది చూస్తారు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒక దృశ్యం ఉంది. బంగారు ఉంగరం, మంచి బట్టలతో ఒకడు, మాసిన బట్టలతో ఒక పేదవాడు ఒకేసారి వస్తారు. ఉంగరం ఉన్నవాడికి మంచి చోటు, పేదవాడికి "అక్కడ నిలబడు, లేదా నా కాళ్ళ దగ్గర కూర్చో" అనడం. మా పాస్టరు గారు దాని మీద ఎన్నోసార్లు ప్రసంగం చేశారు. అయినా ఎలక్షన్ల ముందు ఒక నాయకుడు వస్తే సోఫా కుర్చీలు, శాలువా, మైకు అన్నీ రెడీ. అదే రోజు మిర్చి యార్డులో మూటలు మోసే ఇద్దరు హమాలీలు స్తంభం పక్కన నిలబడే ఉన్నారు, వాళ్ళ చొక్కాల ఘాటుకి పక్కవాళ్ళు తుమ్ముతున్నారు. నేను ఆ రోజు ఆ సోఫా మోసినవాళ్ళలో ఒకణ్ణి. మా సంఘంలో ఇప్పటికీ నాయకులకి వేరే కుర్చీ వేస్తారు, నా మాట నెగ్గలేదు. నేను చేయగలిగింది నేను చేస్తున్నాను: ఆ కుర్చీలు మోయడానికి ఇప్పుడు నాకు నడుం నొప్పి.

మధ్యలో ఏం జరుగుతుందో వాళ్ళకి తెలియదు

మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో, ఎక్కడ అందరూ కలిసి చదవాలో కాళ్ళకే తెలుసు. కొత్తవాళ్ళు అందరూ కూర్చున్నాక ఒక్కరే నిలబడి ఉంటారు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి, వాగుడుకాయని కాదు. కీర్తన నంబరు చెప్పగానే పుస్తకంలో ఆ పేజీ తీసి, వేలు పెట్టి, పుస్తకాన్ని వాళ్ళ చేతిలో పెట్టేసి తను పక్కవాళ్ళ పుస్తకంలో చూసుకునే మనిషి కావాలి. కీర్తన నంబరు వేరు, పేజీ నంబరు వేరు అని మనం ఎవరికీ చెప్పం. కొత్తవాళ్ళు సగం పాట అయ్యేదాకా వెతుకుతూనే ఉంటారు. పాత నిబంధన ఎక్కడుందో తెలియని మనిషికి "హబక్కూకు తీయండి" అంటే ఎంత కంగారో ఆలోచించండి. నాకే ఇప్పటికీ విషయసూచిక చూడందే దొరకదు.

కానుకల సంచి వచ్చేటప్పుడు చెవిలో "మీరు వేయనక్కర్లేదండీ, పక్కవాళ్ళకి అందించేయండి" అని చెప్పాలి. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు సంస్కారం ఉన్న ఆదివారమైతే ఎవరు తీసుకోవచ్చో, తీసుకోనివాళ్ళు ఏం చేయవచ్చో పాస్టరు గారు ముందే మైకులో చెప్పాలి. ఒక్కో సంఘానిది ఒక్కో నియమం, దాన్ని మార్చమని నేననను. కానీ మోకాళ్ళూనిన మనిషి దగ్గరికి వచ్చి, గిన్నె పట్టుకుని "మీరు బాప్తిస్మం తీసుకున్నారా?" అని అడిగే పరిస్థితి రానివ్వకూడదు. లేపి నిలబెట్టి పరిచయం చేయించడం మా దగ్గర మానేశాం. సిగ్గరి మనిషికి అంతకు మించిన శిక్ష లేదు.

బొట్టు

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఒక ఆదివారం ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పెద్దాసుపత్రిలో భర్త ఐసీయూలో ఉన్నాడు, పల్నాడు వైపు నుంచి తీసుకొచ్చారు. వార్డులో పక్క మంచం వాళ్ళు ప్రార్థన చేయించుకోమంటే, ఒక గంట ఎవరినో కూర్చోబెట్టి నడుచుకుంటూ వచ్చింది. నలిగిన చీర, చేతికి ఆసుపత్రి విజిటర్ పాసు, నుదుట రూపాయంత కుంకుమ బొట్టు. నేను లోపలికి పంపాను. అయిదు నిమిషాల తర్వాత కిటికీలోంచి చూస్తే, మా స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఆమె వైపు వంగి ఏదో చెబుతోంది. ఆ పెద్దావిడ చెడ్డది కాదు, ఎవరింట్లో జ్వరమొచ్చినా గంజి పట్టుకెళ్ళే మనిషి. చెప్పిన మాట మాత్రం ఇది: "గుళ్ళో బొట్టు పెట్టుకోకూడదమ్మా, తుడిచెయ్యి."

ఆవిడ చీరచెంగు వేలికి చుట్టింది. నుదుటి దాకా తీసుకెళ్ళింది. అక్కడ చెయ్యి ఆగింది. ఒకసారి పుల్పిట్ వైపు చూసింది, ఒకసారి ఆ పెద్దావిడ వైపు చూసింది. తర్వాత తుడిచింది, ఒకేసారి కాదు, మూడుసార్లు. మొగుడు మంచం మీద ప్రాణాలతో కొట్టుకుంటుంటే ఆ తుడవడం ఒక ఆడమనిషికి ఏమిటో మా ఆవిడకి అర్థమైంది. మా ఆవిడ మూడు తరాల క్రైస్తవురాలు, జన్మలో బొట్టు పెట్టుకోలేదు. లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఇద్దరూ వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ప్రసంగం అయ్యేసరికి మా ఆవిడ ఎదురుగా ఉన్న కొట్లో కుంకుమ పొట్లం కొనుక్కొస్తోంది. గుడి గేటు దగ్గర, అందరూ బయటికి వస్తుంటే, ఆవిడ తన నుదుట తనే పెట్టుకుంది. ఆటో ఎక్కించాం.

దీని మీద మా సంఘంలో పెద్ద గొడవే అయింది, కుంకుమ మన చేత్తో కొనిస్తామా అని. నేను వాదించలేదు. ఒక్క మాటే అన్నాను. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మాత తిరునాళ్ళకి మేం స్పెషల్ బస్సులు నడిపేవాళ్ళం. ఆ గుడివాళ్ళు కేథలిక్కులు, మేం లూథరన్లం, మా పద్ధతులు వేరు. కానీ ఆ బస్సుల్లో సగంమంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే. కొబ్బరికాయలు, తలనీలాల మొక్కులతో వెళ్ళేవాళ్ళు. ఆ కొండ దగ్గర ఎవరైనా "ముందు నుదురు తుడుచుకో" అని ఉంటే ఆ బస్సులు ఖాళీగా వెళ్ళేవి. బొట్టు, పువ్వులు, మెళ్ళో తాయెత్తు, చేతికి దారం, ఇవేవీ మనకి కనబడనట్టే ఉండాలి. చెంగు నెత్తిన వేసుకోమని కూడా చెప్పకండి. పక్కవాళ్ళని చూసి వేసుకుంటే వేసుకుంటారు.

దూరం నుంచి వచ్చినవాళ్ళు

మంగళగిరి, వడ్డేశ్వరం వైపు కాలేజీలు పెరిగాక ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఆదివారం బస్సెక్కి గుంటూరో బెజవాడో వస్తున్నారు. వాళ్ళని చూడగానే మన పిల్లలు "నేపాలా?" అంటారు. కాదు. నాగాలాండ్‌లో, మిజోరంలో 2011 లెక్కల ప్రకారం నూటికి 87 మందికి పైగా క్రైస్తవులు. అంటే వాళ్ళు గుడికి కొత్త కాదు, మనకి కొత్త. మిజోరం కొండలకి మిషనరీలు వెళ్ళింది 1894లో. వాళ్ళు పాడితే నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్ళి ఒకచోట కలుస్తాయి. మేం మొదటిసారి విన్నప్పుడు మా కాయిర్ మాస్టరు హార్మోనియం మూసేశారు.

వాళ్ళకి చేయాల్సింది చిన్నదే. ఆ రోజు వాక్యభాగాలు ఇంగ్లీషులో ఒక చీటీ మీద రాసివ్వండి. ప్రసంగంలో ముఖ్యమైన మాటలు ఫోనులో టైపు చేసి చూపించే ఒక డిగ్రీ పిల్లని పక్కన కూర్చోబెట్టండి. మన కారం వాళ్ళకి పడుతుందో లేదో వాళ్ళనే అడగండి. నాకు మా గుంటూరు కారం మీద ఉన్న గర్వమంతా ఒక మణిపూర్ పిల్లాడు దించేశాడు, ఇదేం కారం అంకుల్ అన్నాడు.

భాష రాని మనిషిని చేర్చుకోవడం మనకి కొత్తేం కాదు. జర్మనీలో పుట్టి, అమెరికా నుంచి ఓడెక్కిన మిషనరీ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు వచ్చారు. అప్పటికి ఆయన ఈ ఊరికి పరాయివాడు. కలెక్టరు స్టోక్స్ ఆయన్ని ఆదరించి నిలబెట్టాడు. మా లూథరన్ సంఘానికి మొదటి కొత్తమనిషి అలా వచ్చాడు.

కిందటి క్రిస్మస్‌కి ముందు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వచ్చింది. నేను బస్సులో రోజూ చూసినవాళ్ళే, డబ్బులిచ్చి టికెట్టు తీసుకున్నా పక్క సీటు ఖాళీగానే ఉండేది వాళ్ళకి. గుమ్మం దగ్గర ఆగి "ఎటు కూర్చోవాలి సార్?" అంది. "మీకు ఎటు బాగుంటే అటు అమ్మా" అన్నాను. ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. ఇద్దరు లేచి వేరే వరసకి మారారు. ఒక చిన్నపిల్ల మాత్రం జరిగి చోటిచ్చింది. ఆమె మళ్ళీ రెండుసార్లు వచ్చింది, తర్వాత రావడం లేదు. ఆ లేచినవాళ్ళ గురించి నేను పాస్టరు గారికి చెప్పలేదు. చెప్పాల్సింది.

మూడో ఆదివారం

నా జేబులో చిన్న పాకెట్ డైరీ ఉంటుంది. ఆరాధన అయ్యాక, వాళ్ళు వెళ్ళిపోయాక రాసుకుంటాను. పేరు, ఎక్కడ కూర్చున్నారు, వాళ్ళు చెప్పిన ఒక సంగతి. "ఎడమవైపు చివర. కూతురికి ఇంటర్ పరీక్షలు." అంతే. ఫోను నంబరు వాళ్ళంతట వాళ్ళిస్తేనే. శనివారం రాత్రి ఒకసారి తిరగేస్తాను. రెండో వారం పేరు పెట్టి పిలుస్తాను. మూడో వారం "పాపకి పరీక్షలు ఎలా జరిగాయి?" అంటాను. ఆ ముఖంలో వచ్చే మార్పు మీరే చూడండి. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని అందరూ అనుకుంటారు, డైరీ సంగతి మీకే చెబుతున్నాను.

ఆరాధన అయ్యాక పది నిమిషాలు చాలా ముఖ్యం. ఆ పది నిమిషాల్లో మనమందరం మన చుట్టాలతో గుంపు కడతాం. కొత్తమనిషి టీ గ్లాసు పట్టుకుని నోటీసు బోర్డు చదువుతుంటాడు, అందులో చందా బకాయిల లిస్టు తప్ప ఇంకేం ఉండదు. మా యూత్‌కి నేను పెట్టిన రూలు: మొదటి పది నిమిషాలు తెలియని మనిషితో, ఆ తర్వాతే ఫ్రెండ్స్‌తో.

ఇంటికి వెళ్ళడం గురించి జాగ్రత్త. పాతరోజుల్లో పాస్టరు గారు, పెద్దలు కలిసి చెప్పకుండా ఇంటికి వెళ్ళి ప్రార్థన చేస్తే గౌరవం. ఇప్పుడు బ్రాడీపేటలో అద్దెకుండే మనిషి ఇంటి ముందు బైబిళ్ళు పట్టుకుని ఆరుగురు దిగితే, ఇంటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చేయమంటాడు. హాస్టల్ పిల్లలకైతే వార్డెన్ దగ్గర మాట వస్తుంది. పిలిస్తే వెళ్ళండి, ఇద్దరే వెళ్ళండి, అరగంటలో లేవండి.

మంది ఎక్కువై మన పలకరింపు మందగించే రోజులు కొన్ని ఉన్నాయి. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి. ఆ అర్ధరాత్రి, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దానపు కార్డు తీసుకోవడానికి మతంతో పనిలేకుండా వీధిలోవాళ్ళంతా వస్తారు. కార్డులు సభ్యుల లెక్కకి అచ్చు వేయించకండి. ఒక ఏడాది చివర్లో నలుగురికి లేక, మావాళ్ళవి వెనక్కి అడిగి ఇవ్వాల్సొచ్చింది.

సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో మొదటి బంతికి కొత్తవాళ్ళు కూర్చోవాలి, పాతవాళ్ళు వడ్డించాలి. మాంసం తిననివాళ్ళ కోసం పప్పు, ఒక కూర వేరే గరిటెతో వేరుగా ఉంచండి. మాంసం గరిటె అందులో పెడితే తినేవాళ్ళకి తెలిసిపోతుంది. ఆరో వారం దాటాక వాళ్ళకే ఒక పని అప్పజెప్పండి. కుర్చీలు సర్దడం, నీళ్ళ క్యాన్ మార్చడం, ఏదైనా సరే. చుట్టం చూపుగా వచ్చినవాళ్ళకి ఇంట్లో పని చెప్పం కదా. పని చెప్పామంటే ఇంటిమనిషి అయినట్టే. సండే స్కూలు పిల్లల్ని మాత్రం ఎవరికీ ఒంటరిగా అప్పజెప్పకండి, కొత్తవాళ్ళకే కాదు, పాతవాళ్ళకి కూడా. అప్పు అడిగితే మీరు మీరు ఇచ్చుకోకుండా పాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళండి.

చివరగా చెప్పులు. మూడేళ్ళ కిందట మే నెలలో ఒకాయన మొదటిసారి వచ్చాడు, బయటికి వచ్చేసరికి చెప్పులు లేవు. పన్నెండున్నర, సిమెంటు రోడ్డు, మన గుంటూరు ఎండ. ఆయన "పర్లేదండీ" అంటూ కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. నావి ఇచ్చి నేను స్కూటీ మీద ఇంటికెళ్ళాను, ఫుట్‌బోర్డు కాలుతుంటే. ఆ చెప్పులు తిరిగివ్వడానికి ఆయన తర్వాతి వారం వచ్చాడు. ఇప్పుడు ఆయన మా కాయిర్లో బాస్ పాడతాడు. అందుకని గుమ్మం వెనక బీరువాలో రెండు జతల హవాయి చెప్పులు ఉంచాను, ఏడో నంబరు ఒకటి, తొమ్మిదో నంబరు ఒకటి. తాళంచెవి కిటికీ మీద మేకుకి తగిలించి ఉంటుంది.